పాత ఫ్రిజ్‌కి కొత్త కాగితం

ఏటా కట్టే ఎ.ఎం.సి. (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బు మన గోదావరి జిల్లాల్లో దేనికి దక్కుతుంది, దేనికి దండగ?

మార్చి నెలాఖరు వచ్చేసరికి ఆ ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ ఎ.సి.కి ఎ.ఎం.సి. ఈ నెలతో అయిపోతోందండీ. ఇప్పుడు కట్టేస్తే డిస్కౌంటు ఉందండీ." ఫ్రిజ్‌కి ఒకటి, వాషింగ్ మెషీన్‌కి ఒకటి, మంచినీళ్ల ఫిల్టరుకి ఇంకొకటి. రాజమండ్రి దానవాయిపేటలోనో, భీమవరంలోనో సొంతిల్లున్న మధ్యతరగతి కుటుంబం అన్నిటికీ సరేనంటే ఏడాదికి పది పన్నెండు వేలు కాగితాలకే పోతాయి. అందులో 18 శాతం రేటున జి.ఎస్.టి. కూడా కలిసే ఉంటుంది. వద్దని ఫోను పెట్టేస్తే, రోహిణి కార్తెలో ఎ.సి. ఆగితే ఏం గతి అన్న బెంగ.

ఈ బెంగ మీదే ఆ వ్యాపారం నడుస్తోంది. బెంగ అబద్ధమని అనలేం. కాకపోతే మనం దేనికి భయపడుతున్నామో దానికోసం రాసిన కాగితం కాదది. డెల్టాలో వస్తువులు పాడయ్యే కారణాలు వేరు, కంపెనీ ఒప్పుకునే కారణాలు వేరు. రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ డబ్బు కట్టడం న్యాయం. మిగతాచోట్ల కట్టేది ధైర్యం కొనుక్కోవడానికే, అది కూడా ఖరీదుగా.

డాలస్ పిల్లల సలహా

అమెరికాలో ఇల్లు కొన్న మన పిల్లలకి 'హోమ్ వారంటీ' బాగా పరిచయం. ఇల్లు అమ్మేవాళ్లే మొదటి ఏడాదికి అది కట్టి ఇవ్వడం అక్కడ మామూలు. 1971లో అమెరికన్ హోమ్ షీల్డ్ అనే సంస్థ మొదలుపెట్టిన వ్యాపారమిది. ఏడాదికి ఇంత అని కడితే ఇంట్లో ఎ.సి., ఫ్రిజ్, వాటర్ హీటర్, పైపులు, వైరింగు అన్నీ ఒకే ఒప్పందం కిందికి వస్తాయి. మనిషి వచ్చినప్పుడల్లా కొంత ఫీజు విడిగా ఇచ్చుకోవాలి. వస్తువు ఎంత పాతదైనా తీసుకుంటారు. తీరా పాడయ్యాక "ఇది ముందునుంచీ ఉన్న లోపం", "మీరు సరిగ్గా సర్వీసు చేయించలేదు" అనే మాటలూ అక్కడి వినియోగదారులకి అలవాటే.

ఆ అలవాటులో పిల్లలు వీడియో కాల్‌లో అంటుంటారు: "నాన్నా, అన్నిటికీ కలిపి ఒకటి తీసేసుకోండి, డబ్బు నేను పంపిస్తాను." ఇక్కడ చాలా ఇళ్లలో అలా అన్నిటికీ కలిపి ఒకటి ఉండదు. మన దగ్గరున్నవి ముక్కలు. కొన్నప్పుడు కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీ ఒకటి. బిల్లు కొట్టేటప్పుడు షాపు కుర్రాడు కలపబోయే ఎక్స్‌టెండెడ్ వారంటీ రెండోది. ఆ తర్వాత ఏటా కట్టే ఎ.ఎం.సి. మూడోది. ఈ మూడోదాంట్లో మళ్లీ రెండు రకాలు. ఒకదాంట్లో స్పేర్లు కూడా వాళ్లవే. రెండోదాంట్లో మనిషి వచ్చి దుమ్ము దులిపి వెళ్తాడు, స్పేరు పడితే మనమే కొనాలి. ఫోనులో అమ్మే గొంతు ఈ తేడాని గబగబా దాటేస్తుంది. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఒప్పుకునే ఏళ్లు, పాడయ్యే ఏళ్లు

కరెంటు వస్తువుల్లో తయారీ లోపం ఉంటే సాధారణంగా మొదటి నెలల్లోనే బయటపడుతుంది. దానికి కంపెనీ వారంటీ ఎలాగూ ఉంది. ఆ గండం గడిచాక నాలుగైదేళ్లు ప్రశాంతం. ఏడెనిమిదేళ్లు దాటాక అరుగుదల మొదలై ఒకదాని తర్వాత ఒకటి పోతుంటాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ సాధారణంగా ఏ ఏళ్లకి అమ్ముతారో చూడండి: రెండు, మూడు, నాలుగు. అంటే ఆ ప్రశాంతమైన ఏళ్లకే. నిజంగా కావలసిన తొమ్మిదో ఏట అడిగితే, ముందు మనిషి వచ్చి చూడాలంటారు. చూసిన తర్వాత కంప్రెసర్, బోర్డు మినహాయించి రాస్తామంటారు. లేదంటే ఈ మోడల్‌కి స్పేర్లు రావడం లేదు, కొత్తది తీసుకోండి అంటారు.

ఈ ఎక్స్‌టెండెడ్ వారంటీల వ్యాపారాన్ని బ్రిటన్‌లో 2003లో కాంపిటీషన్ కమిషన్ విచారించి, పోటీ సరిగ్గా లేక కొనేవాళ్లు నష్టపోతున్నారని తేల్చింది. 2005 నుంచి అక్కడ వారంటీ ధరని వస్తువు ధర పక్కనే కనబడేలా పెట్టాలి. కొన్నవాళ్లు 45 రోజుల్లోగా వద్దనుకుంటే పూర్తి డబ్బు వెనక్కివ్వాలి. మన షాపుల్లో వారంటీ ధర తెలిసేది బిల్లు కౌంటర్ దగ్గర, కార్డు బయటికి తీశాక.

'పదేళ్ల కంప్రెసర్ వారంటీ' అనే స్టిక్కరు సంగతి కూడా చెప్పాలి. దాని అర్థం సాధారణంగా కంప్రెసర్ అనే ఒక్క ముక్కకే. గ్యాసు పట్టించడం, కూలి, రవాణా, విజిటింగ్ చార్జి మనవే. ఉచితంగా వచ్చిన కంప్రెసర్‌ని బిగించుకోవడానికి రెండు మూడు వేలు తేలిగ్గా అవుతుంది. అలాగని ఆ స్టిక్కరు పనికిరానిదేమీ కాదు. కంప్రెసర్‌కి పదేళ్లు ఎలాగూ ఉన్నప్పుడు, అదే కంప్రెసర్ పేరు చెప్పి అమ్మే ఎ.ఎం.సి.కి మళ్లీ కట్టక్కర్లేదని గుర్తుచేయడానికైనా పనికొస్తుంది.

మన ఊళ్లో వస్తువు దేనివల్ల పోతుంది?

ఇదీ అసలు కథ. రాజోలు నుంచి నరసాపురం దాకా ఏ మెకానిక్‌ని కదిపినా ముందు వచ్చే మాట వోల్టేజి.

వీధి స్తంభం మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ తీగ ఉంటాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 పైమాట. కొబ్బరి మట్ట పడో, గాలివానకి తెగో న్యూట్రల్ ఊడిందంటే ఇళ్లన్నీ రెండు ఫేజుల మధ్య ఇరుక్కుంటాయి. లోడు ఎక్కువున్న ఇంట్లో లైటు మిణుకుమంటుంది. లోడు తక్కువున్న ఇంటికి మూడొందల పైన వోల్టులు తోసుకొస్తాయి. ఒకే రాత్రి వీధి మొత్తంలో టీవీలు, ఫ్రిజ్‌లు, సెట్‌టాప్ బాక్సులు కాలిపోయాయన్న కబురు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను తర్వాత కరెంటు తిరిగి ఇచ్చే మొదటి గంటలే వస్తువులకి అసలు గండం. ప్లగ్గులు పీకి ఉంచి, సరఫరా నిలకడగా ఉందని చూసుకున్నాకే పెట్టుకోవాలి.

ఇప్పుడు వారంటీ కాగితం వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. వోల్టేజి హెచ్చుతగ్గులు, పిడుగు, వరద, తుప్పు, ఎలుకలు, పురుగులు, సరైన ఎర్తింగ్ లేకపోవడం... వీటిలో దేనివల్ల పాడైనా వర్తించదని ఉంటుంది. డెల్టాలో వస్తువులని చంపేవన్నీ వరసగా అక్కడే ఉంటాయి.

ఎలుకల సంగతి వరి పండే ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. కోతలయ్యాక చేలో తిండి తగ్గి ఊళ్లోకి వస్తాయి. వాషింగ్ మెషీన్ అడుగున వెచ్చగా కాపురం పెట్టి తీగలు కొరుకుతాయి. ఎ.సి. ఔట్‌డోర్ యూనిట్‌లోని బోర్డు మీదికి బల్లులు చేరతాయి. రెండు టెర్మినళ్ల మధ్య బల్లి పడితే బోర్డు పోయినట్టే. ఆ తర్వాత జరిగే సంభాషణ డెల్టాలో ఏ ఊళ్లోనైనా ఒకటే.

"ఏమైంది బాబూ?"

"బోర్డు పోయిందండి అమ్మగారూ. బల్లి పడింది లోపల. ఇది ఎ.ఎం.సి.లో రాదండి."

"మరి అన్ని వేలు కట్టించుకున్నది దేనికయ్యా?"

"ఆయ్, ఆ సంగతి కంపెనీవాళ్లనే అడగాలండి."

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉప్పుగాలి ఇంకో శత్రువు. ఔట్‌డోర్ యూనిట్ రేకులు పొడిపొడిగా రాలిపోతాయి. కాయిల్‌కి సన్నని రంధ్రాలు పడి గ్యాసు కారిపోతుంది. ఏటా గ్యాసు పట్టించడమే తప్ప కన్నం ఎక్కడుందో వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. కాయిల్‌ని నెలకోసారి మంచినీళ్లతో కడగడం, తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లు కొనేటప్పుడే తుప్పు పట్టని పూత ఉన్నది అడగడం ఏ ఎ.ఎం.సి. కన్నా ఎక్కువ మేలు చేస్తాయి. ఉప్పునీటి బోర్లున్న లంక ఊళ్లలో గీజర్ ఎలిమెంటు మీద గార పేరుకుని కాలిపోతుంది. గీజర్ లోపల తుప్పుని తన మీద వేసుకుని ట్యాంకుని కాపాడే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని రెండేళ్లకోసారి మార్చాలన్న సంగతి కొన్నప్పుడు ఎవరూ చెప్పరు. కడ్డీ ఖరీదు కొన్ని వందలు, ట్యాంకు పోతే గీజరే పోయినట్టు.

ఎర్తింగ్ గురించి రెండు మాటలు. మన ఇళ్లలో ఎర్త్ గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చాక మళ్లీ దాని మొహం చూసేవాళ్లు అరుదు. ఎండాకాలం అది ఎండిపోతుంది. వారానికి ఓ బిందెడు నీళ్లు పోయడం, ఎలక్ట్రీషియన్‌తో ఓసారి కొలిపించడం ఖర్చులేని వారంటీ. ఇక ఎ.ఎం.సి.కి కట్టబోయే మూడు వేలతో ఇంటి మెయిన్ దగ్గర ఓవర్ వోల్టేజి కటాఫ్ పెట్టించుకోవచ్చు. స్టెబిలైజర్ కొంతమేరకే సర్దుతుంది, న్యూట్రల్ పోయినప్పుడు కావలసింది కరెంటుని ఠక్కున కోసేసే పరికరం. కొత్త ఇన్వర్టర్ ఎ.సి.లకి స్టెబిలైజర్ అక్కర్లేదని డబ్బా మీద రాస్తారు. దాని పక్కనే ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అన్నది కూడా రాసి ఉంటుంది. ఆక్వా చెరువుల ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరిగే సాయంకాలం మీ ఊళ్లో మీటరు పెట్టి చూసుకుని నమ్మండి.

వరదని ఏ వారంటీ ఒప్పుకోదు

2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులకి పైగా వరద పారింది. కోనసీమ లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లలో నానిన ఫ్రిజ్‌కి ఎ.ఎం.సి. ఉన్నా లేనట్టే.

దానికి పనికొచ్చే కాగితం వేరే ఉంది. ఇంటి బీమా కోసం బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్మేలా చేసింది. అగ్నిప్రమాదంతో పాటు వరద, తుపాను, పిడుగు ఇందులో ఉన్నాయి. ఇంటికి బీమా చేయిస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా, లోపలి సామానుకి కూడా దానంతటదే వర్తిస్తుంది. వోల్టేజి వల్ల కాలిన మోటారుకీ, వయసు మీరి ఆగిన కంప్రెసర్‌కీ ఇది డబ్బివ్వదు. కానీ లంక ఊళ్లో, ఏటిగట్టు పక్కన ఉన్న కుటుంబం ఒక్క కాగితానికే డబ్బు కట్టగలిగితే నేను దీనికే ఓటేస్తాను. బ్యాంకు రుణానికి తప్పదంటే తప్ప ఇంటి బీమా మొహం చూడని మనవాళ్లు, ఫ్రిజ్ ఎ.ఎం.సి. మాత్రం తేదీ తప్పకుండా కడుతుంటారు. ఇదొక వింత.

లెక్క వేసి చూస్తే

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, రెండు ఎ.సి.లకి కలిపి ఏడాదికి 12,000 రూపాయలు అనుకుందాం. ఐదేళ్లకి 60,000. ఆ ఐదేళ్లలో ఓ కంప్రెసర్, ఓ బోర్డు పోయి, రెండుమూడుసార్లు గ్యాసు పట్టించినా పాతిక ముప్పై వేలు దాటడం కష్టం. అదే నెలకి వెయ్యి చొప్పున పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్.డి.)లో వేస్తే, 6.7 శాతం వడ్డీతో ఐదేళ్లకి 71 వేల పైచిలుకు చేతికొస్తుంది. ఆర్.డి.ని మధ్యలో కదపడం ఇబ్బంది గనక సగం మామూలు పొదుపు ఖాతాలో ఉంచుకోవాలి. ఈ డబ్బుకి షరతులు లేవు, బల్లి పడినా అక్కరకొస్తుంది.

అసలు ఆ పాత వస్తువుని ఉంచుకోవాలా అన్నది ఇంకో లెక్క. స్టార్ లేబుళ్లు మన దేశంలో 2006లో వచ్చాయి. ఫ్రిజ్‌ల కొలమానాన్ని 2023 జనవరిలో మళ్లీ బిగించారు. పదిహేనేళ్ల కిందట ఐదు స్టార్లని కొన్నది ఇవాళ్టి లెక్కలో ఐదు కాదు. రబ్బరు బీడింగు సడలిన పాత ఫ్రిజ్, అదే సైజు కొత్తదానికన్నా ఏడాదికి 300 యూనిట్లు ఎక్కువ కాలుస్తోందనుకోండి. మన రాష్ట్రంలో ఇళ్ల టారిఫ్ శ్లాబుల మీద పెరుగుతుంది: నెలకి 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. మిగిలే యూనిట్లు పై శ్లాబు నుంచే తగ్గుతాయి. అంటే ఏడాదికి 1,800 నుంచి 2,600 రూపాయలు, సర్దుబాటు చార్జీలు కాక. అలాంటి ఫ్రిజ్‌కి రెండు వేలు పోసి ఎ.ఎం.సి. కట్టడం, కరెంటు బిల్లు పెంచుకోవడానికి చందా ఇవ్వడమే.

పాత ఎ.సి.లో ఆర్-22 గ్యాసు ఉంటే ఇక ఆలోచించకండి. ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆ కోవ గ్యాసుల కోటా తగ్గుతూ వస్తోంది. కొత్త యంత్రాల తయారీలో 2025 జనవరి 1 నుంచి వాటి వాడకమే ఆగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎ.సి.ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగింది గనక మార్చడానికి ఇదొక అదను. ఎనిమిదేళ్లు దాటిన వస్తువుకి మెకానిక్ చెప్పిన ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే వదిలేయడమే నా లెక్క. అన్నట్టు, సీలింగ్ ఫ్యానుకి ఎవరూ వారంటీ అమ్మజూపరు. కానీ 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాను పెడితే, రోజంతా ఫ్యాను తిరిగే మన ఇళ్లలో బిల్లు చప్పున తగ్గుతుంది.

కట్టాల్సినచోట కట్టాలి

పిల్లలు కువైట్‌లోనో డాలస్‌లోనో ఉండి, డెబ్భై దాటిన తల్లిదండ్రులు పాలకొల్లులోనో కొత్తపేటలోనో ఒంటరిగా ఉంటే నా సలహా మారుతుంది. అక్కడ ఎ.ఎం.సి. మరమ్మతు కోసం కాదు, ఫోను చేస్తే నమ్మకంగా ఓ మనిషి వస్తాడని. మే నెలలో ఎ.సి. ఆగితే ఎవరిని పిలవాలో వెతుక్కునే ఓపిక వాళ్లకి ఉండదు. అయినా కట్టే ముందు ఒకటి అడగండి: ఫిర్యాదు చేశాక ఎన్ని గంటల్లో వస్తారు, ఆ మాట కాగితం మీద రాసిస్తారా? సర్వీసు సెంటరు రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉండి, మీ ఇల్లు మలికిపురంలో ఉంటే వారానికోసారే అటు వచ్చే రూటు కావచ్చు. అప్పుడు ఊళ్లో ఉన్న ఐ.టి.ఐ. చదివిన కుర్రాడికి ఏడాదికి రెండుసార్లు సర్వీసు చేయమని ముందే డబ్బిచ్చి మాట తీసుకోవడం మేలు.

ఖరీదైన బోర్డు ఉన్న ఇన్వర్టర్ ఎ.సి.కి, నాలుగైదేళ్ల వయసులో, బోర్డుతో సహా అన్ని స్పేర్లూ రాసిస్తే ఎ.ఎం.సి. తీసుకోవచ్చు. బోర్డు పేరు కాగితంలో కనబడకపోతే వద్దు. టీవీ, మిక్సీ, గీజర్‌లకి అసలే వద్దు.

మంచినీళ్ల ఫిల్టరుది తిరకాసు. క్యాండిళ్లు, పొర ఎలాగూ మార్చాలి గనక ఎ.ఎం.సి. లెక్క దాదాపు సరిపోతుంది. కానీ అందరికీ ఆర్.ఓ. అవసరమా? నీళ్లలో కరిగిన లవణాలు (టి.డి.ఎస్.) లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపున్నచోట ఆర్.ఓ.ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది. తీరంలో ఉప్పు బోరు నీళ్లకి ఆర్.ఓ. తప్పదు. మునిసిపల్ గోదావరి నీళ్లు వచ్చే ఇంట్లో మాత్రం ముందు టి.డి.ఎస్. మీటరు పెట్టి చూడండి. అక్కర్లేని యంత్రానికి ఎ.ఎం.సి. ఎంత చవకైనా దండగే.

కాగితం ఇచ్చినవాడు ఉంటాడా?

ఒకప్పుడు మన ఇళ్లలో హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్ ఓ హోదా. ఆ కంపెనీ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. కెల్వినేటర్ ఆఫ్ ఇండియాని 1990లలో వర్ల్‌పూల్ కొనేసింది. ఇంటింటా వినిపించిన వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అలా వెళ్లిన కంపెనీ దగ్గర వారంటీ ఉన్నవాడు బ్యాంకుల వెనక క్యూలో నిలబడ్డ అప్పులవాడితో సమానం. అందుకే ఐదేళ్లకి ఒకేసారి కడితే తగ్గిస్తామంటే నేనైతే కట్టను. ఏడాదికి ఏడాది చాలు.

వస్తువుని మరమ్మతు చేయించుకోవడం మన హక్కుగా చేయాలన్న ప్రయత్నం ఢిల్లీలో నడుస్తోంది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో వస్తువు మీదే అంకె వేయాలన్న 'రిపేరబిలిటీ ఇండెక్స్' నివేదిక 2025 మేలో అందింది. వారంటీ బిల్లు తేదీ నుంచి కాకుండా బిగించిన తేదీ నుంచి లెక్కించాలని కూడా ఆ శాఖ 2024లో కంపెనీలని కోరింది. ఇవి కోరికలుగానే ఉండిపోకూడదు. తీర జిల్లాల్లో లక్షల ఎ.సి.లు అమ్ముకునే కంపెనీలు తుప్పుని మినహాయింపుల్లో రాయడం మానేలా ఒత్తిడి తేవాలి.

ఈలోగా మన చేతిలో ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. కట్టించుకుని సేవ చేయకపోతే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. మన ప్రాంతానికి కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ఉన్నాయి. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గడువు రెండేళ్లు. ఒక్కటి మాత్రం ఇవాళే చేయండి: షాపువాళ్లిచ్చే థర్మల్ కాగితం బిల్లు మీద అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది. బిల్లూ, ఎ.ఎం.సి. కాగితం వెనకవైపూ ఫోటో తీసి దాచుకోండి.